ల్యాంపు రూము రిజిస్టరు

ఘుగ్గూస్‌ల మా క్వార్టర్ గోడకు
దసరాకు సున్నం కొట్టేటోళ్లం.
దీపావళికి బూడిద రంగు,
శివరాత్రికి బొగ్గు.
"ఇది కూడా షిఫ్టుకు పోయొచ్చినట్టున్నది"
అని అవ్వ చీపురుతోని ఒక్క దెబ్బేసి
ఊకునేది.

రాత్రంత బల్బు చుట్టు తూలి తూలి
తెల్లారేసరికి ఆ గోడకే అతుక్కునేటివి
దీపం పురుగులు.
తవుడు రంగువి, మీద సన్నగ
ఎవరో మిరియాల పొడి చల్లినట్టు.
ఎప్పుడన్న ఒకటి మాత్రం
కొన నుంచి కొన దాక నలుపు.
"లోడింగోడొచ్చిండు" అనేటోడు తమ్ముడు.

పొద్దుగాలనే నల్లంచి దిగేది.
తోక లేపి, మెడ వంచి,
టక్కున ఒకటి.
నేను పండ్లు తోముకునే లోపల ఇంకో నాలుగు.
దానికి ఏ రంగు మీద పగ లేదు.
కనబడ్డది నోట్లెకు పోయేది,
కనబడనిది గుడ్లు పెట్టేది.

తొమ్మిదో తరగతిల ధోటే మేడం అడిగింది,
సైడింగు పక్క పురుగులు ఎందుకు నల్లగున్నయని.
లేచి, మసి అంటింది మేడం, అన్న.
ఎవ్వరు నవ్వలేదు.
అందరి కాలర్లకు అదే మసి.
మేడం ఒక ఖాళీ పచ్చడి సీస ఇచ్చింది.
నల్లదాని గుడ్లు అందుల పెట్టి
మూతికి ఉతికిన దస్తీ కట్టి
రేగాకు వేసి పెంచిన.
వానలు పడ్డంక రెక్కలొచ్చినయి వాటికి,
గనిని చూడనివి, లారీ దుమ్ము తెల్వనివి.
సగానికి మించి నలుపే.

మా బాపు ఓదెలు. ల్యాంపు రూముల పని.
ఎలుకలు కొట్టిన పాత రిజిస్టరొకటి తెచ్చిచ్చిండు
లెక్క రాసుకొమ్మని.
పేరు. ల్యాంపు నంబరు.
దిగిన టైము. ఎక్కిన టైము.
పురుగులకు పేర్లేముంటయి, రంగు రాసిన.
గోడ మీద చూసిన టైము రాసిన.
పొద్దుమీకి మళ్ల ఉన్నదా అని చూసి
ఆఖరి గడి నింపిన.
తవుడు రంగువాటి గడులు ఖాళీ.
పేజీ తిప్పితే ఇంకో పేజీ ఖాళీ.
బాపు చూసి చానాసేపు మాట్లాడలేదు.
"ఆ గడి ఖాళీగుంటే
మా దగ్గర సైరన్ మోగుతది బిడ్డా" అన్నడు.

మూడేండ్లల్ల తమ్ముడు ఆ మాట అనుడు బందు పెట్టిండు.
గోడంత లోడింగోళ్లే.
తవుడు రంగుది ఒకటి వాలితే
ఇరుగుపొరుగును పిలిచి చూపెట్టేటోడు.

చంద్రాపూర్ దవాఖాన్ల డాక్టరు
బాపు ఎక్స్‌రేను కిటికీకి ఎత్తి పట్టిండు.
రెండు రెక్కలు పరిచిన పురుగు,
చుక్కలు చుక్కలుగ.
ల్యాంపు రూముకు రాకముందు
పద్దెనిమిదేండ్లు లోపలనే చేసిండు.
"ఇన్నేండ్లు పీల్చినం గదా సారూ, అలవాటు కాదా?" అని
అవ్వ అడిగింది.
డాక్టరు ఫిల్మును కవర్ల పెట్టిండు.
పురుగులకు ఏడాదికి మూడు తరాలు.
మాకు ఏడాదికి ఒక్క మెడికల్.

ఇప్పుడు మా గని మూసిండ్రు.
సైడింగు పట్టాల నడుమ గడ్డి.
మొన్న తమ్ముని కాడికి పోయిన.
కొట్టిన సున్నం హోలీ దాక తెల్లగనే నిలిచిందట.
గోడ మీద నల్లవి అయిదు,
కాయితం మీద సిరా పడ్డట్టు.
నల్లంచి వచ్చింది. అదే తోక, అదే టక్కు.
ఉష్ అని చెయ్యి లేపిన.
ఎందుకు లేపిన్నో నాకే తెల్వదు.
అప్పట్ల తవుడు రంగువాటి కోసం
ఒక్కనాడు లేపలేదు.

తూము పక్క మూలకు ఒకటి,
సున్నంల కలిసిపోయి, మిరియాల చుక్కలతోని.
ఇన్ని తరాలు ఎక్కడ తల దాచుకున్నదో.
అటక మీది రిజిస్టరు దించి
దాని రంగు రాసిన, టైము రాసిన.
ఆఖరి గడి కాడ పెన్ను ఆగింది.
పొద్దుమీకి దాక ఆగితే తెలుస్తది.
నా బస్సు నాలుగింటికి.